పాటలు: ఇంటిల్లిపాదీ చూడదగ్గవి

"మీ ఆయనే! మీ ఆయన రాసింది చదివే కదా వదినా, నా కొడుకుని ఆ హిందీ సినిమాకి పంపించింది! ఇవాళ వాడు చేతికి కుట్లేయించుకుని ఆస్పత్రిలో పడుంటే తప్పు నా పెంపకానిదా?"

పై అంతస్తు టైలరమ్మ చెప్పులతోనే ముందుగదిలోకి వచ్చేసింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. చంకలో గుడ్డసంచి.

కండక్టరమ్మ అప్పుడే పొద్దుటి డ్యూటీ దిగి ఇంటికొచ్చింది. యూనిఫారం చొక్కా పైగుండీ విప్పి కాళ్లు పీట మీదికి చాపుకుంది. కాసేపు నన్నెవరూ పిలవకండి అని ఇంకా అననే లేదు.

"కూర్చో వదినా," అంది.

"కూర్చోడానికి రాలేదు," అంటూనే కూర్చుంది టైలరమ్మ. సంచిని ఒళ్లో నిలబెట్టి రెండు చేతులతో పట్టుకుంది.

భోజనాలబల్ల దగ్గర ఇంటాయన తలెత్తలేదు. ఎదురుగా లాప్‌టాప్‌లో ఎవరో ఎవర్నో మూగగా కాలుస్తున్నారు. ఆయన బొటనవేలు చేతిలోని లెక్కింపు యంత్రం మీట మీద ఉంది. టిక్. టిక్. వారపత్రికలో ‘పిల్లలకు చూపించొచ్చా?’ అనే పేజీ ఆయనదే. ఏ సినిమాలో ఎన్ని ముద్దులు, ఎంత నెత్తురు, ఎన్ని బూతులు అన్నీ లెక్కకట్టి తల్లిదండ్రులకు ముందే చెప్పడం ఆయన ఉద్యోగం. వీధిలో అందరూ ఆయన్ని లెక్కల మాస్టారంటారు. ఏ బళ్లోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు.

"అన్నయ్యగారూ, మిమ్మల్నే!"

"వింటున్నానమ్మా. ఈ హత్య ఒక్కటీ అయిపోనీ."

కండక్టరమ్మ లేచి వెళ్లి లాప్‌టాప్ మూత దబ్బున మూసేసింది. ఆ హత్య అక్కడే ఆగిపోయింది.

"ముద్దులు రెండు, రెండూ దూరం నుంచే," అని మొదలుపెట్టింది టైలరమ్మ, బళ్లో పిల్ల పద్యం అప్పజెప్పినట్టు. "నెత్తురు అక్కడక్కడ. బూతులున్న చోట శబ్దం తీసేశారు. పాటలు ఇంటిల్లిపాదీ చూడదగ్గవి. పదమూడేళ్లు దాటిన పిల్లలకు నిరభ్యంతరంగా చూపించొచ్చు. ఇది మీరు రాసిందేనా, కాదా? నా మిషను ముందు గోడకి మీ పేజీయే అంటించి ఉంటుంది. నాకు హిందీ ముక్క రాదు. మిషను ముందునుంచి లేస్తే పొయ్యి వెలగదు. మీరు చూస్తారు, మీరు చెబుతారు, మేం నమ్ముతాం. ఇదేగా మన ఒప్పందం?"

"అది సలహా అమ్మా. హామీ కాదు."

"మందుసీసా మీద రాసినట్టే రాశారుగా!"

లెక్కల మాస్టారు కళ్లజోడు తీసి తుడిచాడు. మాట తోచనప్పుడల్లా ఆయనకి కళ్లజోడు మాసిపోతుంది.

నిన్న పొద్దున ఏం జరిగిందో ఆ మేడలో తెలియనివాళ్లు లేరు. మెట్ల మలుపులో, అందరూ పనులకి దిగే వేళ, టైలరమ్మ కొడుకు ఈ ఇంటి అమ్మాయికి అడ్డంగా నిలబడి చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడు. ముంజేతి మీద అమ్మాయి పేరు. బ్లేడుతో. అమ్మాయి కేక పెట్టలేదు. గోడకి ఆనుకుని పక్కనుంచి జారిపోయి కిందికి పరిగెత్తింది. ఆ తర్వాత నుంచి మేడంతా ఒకటే చర్చ. పాపం కుర్రాడు అనేవాళ్లు పదిమంది. పాపం పిల్ల అన్నవాళ్లు లేరు.

"ఇప్పుడెలా ఉన్నాడు?" అంది కండక్టరమ్మ.

"చెయ్యి బానే ఉందిట. రేపు పంపించేస్తామన్నారు. కానీ నిన్నటినుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు వదినా. అమ్మాయి వచ్చేదాకా తిననని మొండికేశాడు." టైలరమ్మ సంచిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "పెళ్లి చెయ్యమనట్లేదు. ప్రేమించమనట్లేదు. ఒక్కసారి వచ్చి మంచం పక్కన నిలబడి ఒక్క మంచి మాట. నీ కాళ్లు పట్టుకుంటాను."

"ఛ ఛ, కాళ్లేంటమ్మా," లెక్కల మాస్టారు తేరుకున్నాడు. చెయ్యడానికి పని దొరికిన మొహం పెట్టాడు. "దాందేముంది, నేను తీసుకెళ్తాను. ఆరుదాకా చూడనిస్తారు. నేను గుమ్మంలోనే నిలబడతా. ఒక్క మాట చెప్పేసి వచ్చేస్తుంది. పోయేదేముంది?"

"అంతేగా మరి," అంది మూల కూర్చుని బఠానీలు ఒలుస్తున్న అమ్మమ్మ. "ఎంత ఇష్టం లేకపోతే కండ కోసుకుంటాడే! మా కాలంలో మీ తాతయ్య జలుబు చేస్తే నన్నే వైద్యుడి దగ్గరికి పంపించి మందు తెప్పించుకున్నాడు. నాకోసం గోరు కూడా కత్తిరించుకోలేదు."

"అమ్మా, నువ్వు బఠానీలు ఒలువు," అంది కండక్టరమ్మ.

ఎదిగిన పిల్లను పెద్దలు కూర్చుని పొరుగింటికి గిన్నె అరువిచ్చినట్టు మాట్లాడుకుంటున్నారు. ఎంతసేపు కావాలి, ఎవరు తీసుకెళ్లాలి, ఎప్పటికి తిరిగొస్తుంది. గిన్నెకైనా అడుగున పేరు చెక్కించి పంపిస్తారు. ఈ పిల్ల పేరు అప్పటికే ఇంకొకడు తన చేతిమీద చెక్కేసుకున్నాడు.

అమ్మాయి లోపలిగది గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"నాన్నా, ఆస్పత్రి సీను గురించి ఏం రాశావు?"

"ఏ సీను?"

"ఆ సినిమాలో. హీరో చెయ్యి కోసుకున్నాక."

ఆయన కళ్లు మూసుకుని వెతుక్కున్నాడు. జ్ఞాపకశక్తికి లోటు లేదు. "నెత్తురు, స్వల్పం. కట్టు మీద కాస్త ఎరుపు. అంతే."

"అంతేనా?"

"ఇంకేముంది అందులో? ఆ పిల్ల వస్తుంది, ఏడుస్తుంది. ముద్దు కూడా లేదు."

"ముద్దు లేదు," అంది అమ్మాయి. "ఆంటీ, మీకు చెబుతాను. మీరు సినిమా చూళ్లేదు కదా. అందులో కూడా హీరో వాళ్లమ్మ ఆ అమ్మాయి ఇంటికొస్తుంది. ఒక్కసారి రమ్మని, ఒక్క మంచి మాట చెప్పమని ఏడుస్తుంది. మీరు అడిగినట్టే అడుగుతుంది. ఆ అమ్మాయికి అతనంటే గిట్టదు. జాలిపడి వెళ్తుంది. నర్సు బయటికెళ్లి తలుపు దగ్గరికి వేస్తుంది. తలుపు మళ్లీ తెరిచేసరికి ఆమె అతన్ని ప్రేమించేసి ఉంటుంది. థియేటర్లో ఒకటే ఈలలు. మీవాడు నన్ను పలకరింపుకి పిలవట్లేదు ఆంటీ. సీనుకి పిలుస్తున్నాడు."

టైలరమ్మ ఒళ్లో సంచివైపు ఒకసారి చూసింది. "వాడు నాతో అలా ఏం చెప్పలేదే. వెళ్లి అడుగు, తప్పకుండా వస్తుంది అన్నాడంతే."

"తప్పకుండా వస్తుందనే అంటాడు. అందులో వచ్చింది కదా."

గిన్నెలో బఠానీలు పడే చప్పుడు ఆగింది.

"ఎన్నాళ్లనుంచే ఇది?" అంది కండక్టరమ్మ. గొంతు పెంచలేదు. రద్దీ బస్సులో వెనక గుమ్మందాకా వినబడే గొంతు ఆమెది. అది తగ్గిందంటే ఇంట్లో అందరికీ భయమే.

"పరీక్షల ముందునుంచి."

"మరి చెప్పవేం?"

"ఏం చెప్పమంటావు? నన్ను ముట్టుకోలేదు. ఒక్క మాట అనలేదు. నేను ఈతకెళ్తే కొలను మెట్ల మీద కూర్చునేవాడు, నేను నీళ్లలోంచి లేచేదాకా. లైబ్రరీకెళ్తే ఎదురు కుర్చీ. రాత్రి కిటికీ తీస్తే కింద నిలబడి ఉండేవాడు. కోచ్‌కి చెబితే, మెట్లు అందరివీ అన్నాడు."

"ఈత మానేశావు కదే. చెవి నొప్పన్నావు."

"చెవి నొప్పి లేదు."

"నేను చుక్కలమందు తెచ్చి రోజూ పోశాను కదే!"

"పోయించుకున్నాను."

కండక్టరమ్మ లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. కూతురు జిల్లా జట్టు ఎంపికకి ఒళ్లు వంచట్లేదని, సోకులు పెరిగాయని, బద్ధకం తలకెక్కిందని నెలరోజులుగా ఈ ఇంట్లో భార్యాభర్తలు కలిసి తిట్టిన ఒకే ఒక్క సంగతి అది. మిగతా అన్నిటిలోనూ చెరో దారి.

"నా బస్సెక్కి రావచ్చు కదా! నా కళ్లముందు వాడు ఏం చేసేవాడు?"

"నీ బస్సులోనే ఎక్కేవాడమ్మా. నువ్వే టికెట్ కొట్టావు. చదువుకునే పిల్లాడు, నిలబడ్డాడు పాపం అని నా వెనక సీట్లో నువ్వే కూర్చోబెట్టావు."

ఆ తల్లి మొహం చూడాల్సిందే. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆడపిల్లల మీద ఒరిగిన ఎంతమందిని చొక్కా పట్టుకుని దింపేసిందో డిపోలో కథలుగా చెప్పుకుంటారు. ఒరగనివాడికి ఆమె సీటిచ్చింది.

"ఇదంతా వాడి సొంత తెలివి కాదమ్మా," అంది అమ్మాయి. "వరసతో సహా చేశాడు. హీరోయిన్ డాన్సు నేర్చుకునే చోట మెట్ల మీద కూర్చోవడం, తర్వాత బస్సులో వెనక సీటు, తర్వాత కిటికీ కింద. రెండో పాటలో ఏది ముందుందో అది ముందు, ఏది వెనకుందో అది వెనక."

"రెండో పాటా?" లెక్కల మాస్టారు నుదురు ముడిచాడు. "పాటల్లో ఏముంటుంది?"

"నువ్వు చూశావా నాన్నా?"

"చూడకుండా రాస్తానా?"

"రెండో పాట చూశావా?"

కళ్లజోడు మళ్లీ మాసింది.

"అమ్మా, నాన్న పాటలు చూడడు," అంది అమ్మాయి. "నేను పక్కన కూర్చుని చదువుకుంటూ రోజూ చూస్తున్నాగా. సినిమా మొత్తం రెట్టింపు వేగంతో పెడతాడు, శబ్దం తీసేస్తాడు. తెర మీద ఎరుపు కనబడితే ఆపుతాడు, మొహాలు దగ్గరికొస్తే ఆపుతాడు. పాటొచ్చిందంటే టీ కలుపుకోడానికి లేస్తాడు."

"అల్లుడుగారూ!" అంది అమ్మమ్మ. "ఇంతకాలం మీరు కష్టపడి చూస్తున్నారనుకుని మీ టీకోసం పాలు విడిగా ఎత్తిపెడుతున్నాను కదయ్యా!"

"ఏం చెయ్యమంటారు అత్తయ్యగారూ?" ఆయన విసురుగా లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "వారానికి ఎన్ని సినిమాలు నెత్తిన రుద్దుతారో తెలుసా మీకు? నాలుగు భాషలవి! అన్నీ బుధవారానికల్లా ఎడిటర్ బల్లమీద ఉండాలి. నాకు మాత్రం హిందీ వచ్చి ఏడిసిందా? ముద్దులెన్నో చెప్పమంటారు, చెబుతాను. నెత్తురెంతో చెప్పమంటారు, చెబుతాను. వాడు మెట్ల మీద కూర్చున్నాడా, నిలబడ్డాడా అని ఇన్నేళ్లలో నన్నొక్కరు అడిగారా? ఒక్క తల్లి ఉత్తరం రాసిందా? ముద్దొకటి తక్కువ లెక్కపెడితే మాత్రం పత్రిక తగలబెట్టేస్తారు!"

అబద్ధం కాదు. ఆయన చెప్పిందాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. అదే ఒళ్లు మండే సంగతి. మనకి పెదాలంటే భయం. పెదవికి పెదవి తగిలిందా, కొంప మునిగిందని పిల్లల కళ్లు మూస్తాం. ఒకడు ఒకత్తెను నెలల తరబడి ఊపిరి సలపనివ్వకుండా తరిమితే, దానికో పల్లవీ నాలుగు వయొలిన్లూ తగిలిస్తే, తల్లీ తండ్రీ తాతా అమ్మమ్మా వరసగా కూర్చుని తలలూపుతాం. సినిమా తీసినవాడికి ఈ సంగతి మనకంటే ముందు తెలుసు. అందుకే వెంటపడటమంతా పాటలో పెట్టాడు.

"రాయడం సంగతి తర్వాత చూద్దాం," అంది కండక్టరమ్మ మొగుడితో. "ముందు ఇది చెప్పండి. ఇంత విన్నాక కూడా పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్తానంటారా?"

ఆయన పడిన కుర్చీని లేపి నిలబెట్టాడు. సరిగ్గా నిలబడిందో లేదో అని రెండుసార్లు కదిపి చూశాడు.

"మరి తినకపోతే ఎలాగే? రేపు ఇంకేదన్నా చేసుకుంటే? మేడంతా మనల్ని వేలెత్తి చూపదా?"

"ఇప్పుడు చూపించట్లేదా?"

"అందుకే అంటున్నా. వెళ్లొస్తే గొడవ వదిలిపోతుంది."

"ఎవరికి వదిలిపోతుంది?" అంది కూతురు.

ఆయన కుర్చీని మూడోసారి కదిపి చూశాడు.

"ఒసే," అంది అమ్మమ్మ మెల్లగా. ఇందాకటి హుషారు లేదు ఆవిడలో. ఆ సినిమా టీవీలో వచ్చినప్పుడు చెంగుతో కళ్లొత్తుకుంటూ చూసింది ఆవిడే. "ఆ డాన్సు పిల్ల... ఆస్పత్రి తర్వాత మళ్లీ డాన్సు చేసిందంటావా? నాకు గుర్తు రావట్లేదు."

"చెయ్యలేదు అమ్మమ్మా."

"మానేశానని ఎవరితోనన్నా అంటుందా?"

"అనదు. ఎవరూ అడగరు కూడా. ఇక కనబడదంతే."

"గజ్జెలు కట్టుకుని ఎంత బాగా ఆడేదే మొదట్లో!" అమ్మమ్మ బఠానీల గిన్నె కింద పెట్టేసింది. "నేను వాడి చెయ్యి చూసి ఏడుస్తూ కూర్చున్నాను. దీని కాళ్లేమయ్యాయని చూసుకోలేదే!"

టైలరమ్మ ఒక్కసారిగా భోరుమంది. ఒళ్లో సంచిని మాత్రం వదల్లేదు.

"మీరందరూ ఒకటై నా బిడ్డని రాక్షసుణ్ణి చేస్తున్నారు! తండ్రి లేని పిల్లాడు. ఈ మిషను తొక్కి తొక్కి పెంచాను. ఎవరి జోలికీ పోనివాడు. ఏమే, నీ స్కూలు గౌన్లు కుట్టింది ఈ చేతులే కదా! కొలతలకి నిలబెడితే చక్కిలిగిలి అని నవ్వేదానివి. నా మొహం చూసైనా రాలేవా? రేపు నా కొడుక్కి ఏమన్నా అయితే నువ్వు నిద్రపోగలవా?"

"ఇప్పుడు పోతున్నానా ఆంటీ?"

ఆ మాటకి టైలరమ్మ ఏడుపు గొంతులోనే ఆగిపోయింది. ఆమె చెడ్డది కాదు. కడుపు కాలిన మనిషి. కానీ కడుపు కాలినవాళ్లు పక్కింటి పిల్లని తెచ్చి పొయ్యిలో పెడతానంటే కుదరదు.

"పోనీ వద్దనే చెప్పు," అంది చివరికి, ముక్కు తుడుచుకుంటూ. "అదైనా నీ నోటితో చెప్పు. మెల్లగా, నొప్పించకుండా. వద్దని తేలిపోతే వాడే సర్దుకుంటాడు."

"సినిమాలో కూడా ఆమె వద్దంటుంది ఆంటీ. ప్రేమించాక, వాళ్ల నాన్న ఒప్పుకోకపోతే, ఒకరోజు ఫోన్లో వద్దని చెప్పేస్తుంది. వెంటనే ఇంటర్వెల్."

"అయితే?"

"అక్కడిదాకా ప్రేమ కథ. అక్కడినుంచి పగ. నాన్నా, నువ్వు చెప్పు. రెండో సగంలో పాటల్లేవు కదా, అదంతా చూసే ఉంటావు."

"అది... అదంతా కల్పితమమ్మా," లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "సినిమా వేరు, ఈ పిల్లాడు వేరు..."

అప్పుడు టైలరమ్మ సంచి దగ్గింది.

అందరూ సంచివైపు చూశారు. టైలరమ్మ రెండు చేతులూ దానిమీద కప్పింది.

"అమ్మా," అంది సంచి. పీలగా, మగగొంతుతో. "ఆమెని మాట్లాడమను."

కండక్టరమ్మ ఒక్క అంగలో వెళ్లి సంచిలో చెయ్యి పెట్టింది. గుడ్డముక్కలు, దారపు ఉండలు, వాటి మధ్య ఫోను. తెర వెలుగుతోంది. ఆస్పత్రి మంచం మీదికి వీళ్ల ముందుగది మొత్తం, మొదటినుంచీ, మాట పొల్లుపోకుండా వెళ్తోంది.

"ఏంటి వదినా ఇది?"

"వాడే... వాడే పెట్టుకోమన్నాడు. ఆమె గొంతు వింటే చాలన్నాడు..."

"నా ఇంట్లో కూర్చుని, నా కుర్చీలో కూర్చుని, నా పిల్ల గోడు నీ కొడుక్కి వినిపిస్తున్నావా? టికెట్ లేకుండా ఎక్కినవాడినైనా తర్వాతి స్టాపుదాకా కూర్చోనిస్తాను. నువ్వు లే! లేస్తావా, లేదా?"

"నేనేం చెయ్యను వదినా, వాడు తినట్లేదు..."

"అమ్మా, ఆగు," అంది కూతురు. తల్లి చేతిలోంచి ఫోను తీసుకుంది.

"వద్దు, వద్దు," అన్నాడు తండ్రి. "నువ్వు మాట్లాడకు. నేను ఎడిటర్‌తో కనుక్కుని... ఎవరైనా లాయరుతో..."

అమ్మాయి ఆయన వైపు చూడలేదు. ఫోను నోటికి దూరంగా, ఏదో తడి వస్తువు పట్టుకున్నట్టు పట్టుకుంది.

"విన్నావు కదా అంతా. ఇంక దాచేదేం లేదు. నేను రాను. ఇవాళ రాను, రేపు నువ్వు ఇంటికొచ్చాక కూడా నీ ముందుకి రాను. నువ్వంటే నాకు ఇష్టం లేదు. భయం ఉంది. నన్ను చూసి ఆమె గుండె కొట్టుకుంటోందని అనుకుంటావేమో, అది భయం. ఆ రెండూ ఒకటి కాదు. నువ్వు తింటావో మానతావో నువ్వూ మీ అమ్మా చూసుకోండి. నా పేరు మాత్రం నీ చేతి మీద ఉంచకు. డాక్టర్ని అడిగితే పోయే దారి చెబుతారు."

అవతల ఆస్పత్రి వరండాలో బండి చక్రాలేవో కిర్రుమంటూ వెళ్లాయి.

"సరే," అన్నాడు అతను. గొంతులో ఏడుపు లేదు. కోపం కూడా లేదు. "అయితే ఇంటర్వెల్ పడిందన్నమాట."

ఫోను ఆగిపోయింది.

టైలరమ్మ మొహం తేటపడింది. "చూశావా! సరే అన్నాడు! నేను చెప్పానా, మంచిగా చెబితే వింటాడని. వాడి మనసు వెన్న వదినా. ఇంక తింటాడు. నేను పోయి రెండు ముద్దలు..." కళ్లు తుడుచుకుంది. సంచి సర్దుకుంటూ ఫోనుకోసం చెయ్యి చాపింది. "నీకు పుణ్యముంటుంది తల్లీ."

పాపం, ఆమె నిజంగానే సంతోషపడుతోంది. ఆ గదిలో సినిమా చూడనిది ఆమె ఒక్కతే.

లెక్కల మాస్టారు బల్ల అంచు పట్టుకున్నాడు. రెండో సగం ఆయన చూశాడు, ప్రతి చెంపదెబ్బ దగ్గరా ఆపి ఆపి చూశాడు. హీరో మొదట ఆ పిల్ల తండ్రిని ఉద్యోగంలోంచి తీయిస్తాడు. తర్వాత దొంగచాటుగా తీసిన ఫొటోలు ఆమె డాన్సు నేర్చుకున్న చోట పంచుతాడు. కుదిరిన సంబంధం చెడగొడతాడు. ఆమెను ఏ ఇంటికీ కాకుండా చేసి, చివరికి వానలో తన కాళ్ల దగ్గరికి రప్పించుకుని, లేవనెత్తి, క్షమిస్తాడు. వెనక సన్నాయి. పెళ్లి. అక్కడ ఆయన పేజీలో పడిన మాటలు మూడే: ‘ఉత్కంఠ, ఒక మోస్తరు.’

"ఏమయ్యా అల్లుడూ," అంది అమ్మమ్మ. ‘గారు’ ఎగిరిపోయింది. "ఏంటలా తెల్లబోయావు? ఇంటర్వెల్ తర్వాత ఏముందో నాకు గుర్తుంది. నీకూ గుర్తుంది. ఆవిడ నవ్వుకుంటూ వెళ్లిపోతోంది చూడు!"

టైలరమ్మ గుమ్మందాకా వెళ్లింది. కండక్టరమ్మ ఆమెకంటే ముందు వెళ్లి తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"దారివ్వు వదినా. పిల్లాడు ఆకలితో ఉన్నాడు."

"కూర్చో."

"ఇందాక లెమ్మన్నావు!"

"ఇప్పుడు కూర్చోమంటున్నాను. కూర్చో."

ఫోను ఇంకా అమ్మాయి చేతిలోనే ఉంది.

"నాన్నా, చెప్పు. ఇంటర్వెల్ తర్వాత ఏం జరుగుతుందో ఆంటీకి చెప్పు. ఎన్ని దెబ్బలో, ఎంత నెత్తురో నాకొద్దు. ఎవర్ని ఏం చేస్తాడో, దేని తర్వాత ఏది చేస్తాడో, మొదటినుంచి చివరిదాకా తెలుగులో చెప్పు. ఆ మెట్ల మీద కూర్చుని నెలల తరబడి నన్ను వాడు ఫోనులో ఏం తీశాడో నాకు తెలీదు. రేపు వాడు ఇంటికొచ్చాక తెలుసుకోవడం నాకిష్టం లేదు. ఆంటీ, నాన్న చెప్పింది మీరు పూర్తిగా వినండి. విన్నాక మీరిద్దరూ, వాడికి ఆ సినిమా చూపించిన మీరిద్దరూ, కలిసి ఆస్పత్రికెళ్లండి. వాడి ఫోను అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే డాక్టర్నీ పోలీసునీ మంచం పక్కకి పిలవండి. నేను రాను, మీరు వెళ్లండి. ఆరుదాకానే చూడనిస్తారుట. ఊ, నాన్నా, మొదలుపెట్టు."